తంపానూరులో ఒక కాఫీ

తిరువనంతపురంలోని తంపానూరు ప్రాంతంలో వాస్తుశిల్పి లారీ బేకర్ కట్టిన ఇండియన్ కాఫీ హౌస్‌లో నిన్న ఉదయం గంటసేపు కూర్చున్నాను. ఆ ఎర్రటి గుండ్రని కట్టడంలో విడివిడి అంతస్తులు లేవు. నేలే మెలికలు తిరుగుతూ పైకి వెళుతుంది, గోడలోని కంతల గుండా వెలుతురు, గాలి బల్ల మీదికే వస్తాయి. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, గాంధీజీని కలిశాక భారతదేశాన్నే తన కార్యక్షేత్రంగా చేసుకుని, 1989లో ఇక్కడి పౌరసత్వం పొందిన బేకర్, ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలి గోడ ఖర్చు తగ్గించారు, కప్పు కాంక్రీటులో పెంకులు ఇమిడ్చి సిమెంటు ఆదా చేశారు. ఇటుకకు పూత అనవసరమన్నది ఆయన పట్టుదల. (మా ఇంటి ప్లాస్టరింగు, పుట్టీ, రంగుల బిల్లు గుర్తొచ్చి కాఫీ కాస్త చేదెక్కింది.) వాలు నేల మీద గ్లాసు ఒరుగుతుందేమోనని చూశాను, బల్ల మాత్రం సమంగానే ఉంది.