నాన్న పిక్కలకి క్యూరింగ్

కాకినాడలో పుట్టి పెరిగిన నాకు చలికాలం అంటే రాత్రిపూట ఫ్యాన్ రెండు పాయింట్లు తగ్గించుకోవడం, అంతే. బ్యాంకు బదిలీ మీద ఆదిలాబాద్ వచ్చాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఇక్కడ డిసెంబరు తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. చలి ఒక్కటే అయితే స్వెట్టరుంది. గాలిలో తడి లేకపోవడమే అసలు తంటా. మా ఊళ్ళో టవల్ ఆరడానికి సాయంత్రం దాకా పట్టేది. ఇక్కడ మధ్యాహ్నం భోజనాల లోపే అప్పడంలా బిగుసుకుపోతుంది. టవల్‌నే అలా పీల్చేసే గాలి ఒంటిని వదులుతుందా?

కిందటి డిసెంబరులో అమ్మానాన్న నెల్లాళ్ళు ఉందామని వచ్చారు. రెండో వారంలో ఒకరాత్రి హాల్లోంచి గరగరమని చప్పుడు. ఎలుకేమో అనుకుని లైటు వేశాను. నాన్న చీకట్లో కూర్చుని, మా అబ్బాయి స్టీలు స్కేలుతో పిక్కలు గోక్కుంటున్నారు. మోకాలి కింద నుంచి చీలమండ దాకా బూడిద రాసినట్టు తెల్లగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే, వేసవిలో ఎండిన చెరువు అడుగులా సన్నటి నెర్రెలు, వాటి మధ్య ఎర్రటి గీతలు. దుప్పటి మీద పొట్టు.

"ఎన్నాళ్ళుగా నాన్నా?" అంటే, "ఏం లేదమ్మా, చలి" అన్నారు. ఆయన లెక్కలో అన్నిటికీ చలే కారణం.

అమ్మ రోజూ కొబ్బరినూనె రాస్తూనే ఉంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబూ అయింది. రెండు రోజులు హాయిగా ఉండడం, మానగానే మళ్ళీ మొదలు. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ ముందు ఆ ట్యూబే చూశారు. అది స్టెరాయిడ్. రాయాలో వద్దో, రాస్తే ఎన్నాళ్ళో డాక్టరు చెప్పాలి, సొంతంగా రాసుకుంటూ పోతే చర్మం పలచబడిపోతుందన్నారు. ఈ వయసులో ఇలా దురద పెడితే షుగరు, థైరాయిడ్, కిడ్నీ కూడా చూసుకోవాలని రక్త పరీక్షలు రాశారు. అన్నీ బాగానే వచ్చాయి.

"చర్మం పైపొర ఇటుకల గోడ లాంటిదండీ. కణాలు ఇటుకలు, మధ్యలో ఉండే కొవ్వు సిమెంటు. అది పోతే సందుల్లోంచి లోపలి నీరంతా ఆవిరైపోతుంది" అని మొదలుపెట్టారు డాక్టరమ్మ. మా నాన్న నలభై ఏళ్ళు తాపీమేస్త్రి. ఆవిడ సగంలో ఉండగానే ఆయన అందుకున్నారు: "అయితే క్యూరింగ్ చాల్లేదంటారు."

ఆవిడకి నవ్వొచ్చింది కానీ మాట మాత్రం అదే. గోడ కట్టాక నీళ్ళు కొట్టి వదిలేస్తే ఎండకి లాగేస్తుంది. తడి గోనె సంచులు కప్పి ఉంచితేనే నిలుస్తుంది. అమ్మ చేసిందల్లా ఎండిన గోడకి సంచి కప్పడం. సాయంత్రం పొడి కాళ్ళకి నూనె రాస్తే, ఉన్న కాస్త తడినీ ఆపుతుందేమో గానీ, లేని తడిని నూనె ఎక్కణ్ణుంచి తెస్తుంది? పైగా పొద్దున్నే పొగలు కక్కే నీళ్ళు, రెండు దఫాలు సబ్బు. మన చర్మం కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. సబ్బేమో 9, 10, అంటే క్షారం. వేడినీళ్ళు, సబ్బు కలిసి ఆ కొవ్వునే కడిగేస్తున్నాయి. పిక్కల మీద నూనె గ్రంథులు అసలే తక్కువ, వయసుతో అవీ మందగిస్తాయి. సిమెంటు కలిపి కలిపి చేతులు ఎలా పగిలేవో ఆయనకి గుర్తొచ్చింది. అది సబ్బు కన్నా ఘాటైన క్షారం మరి.

ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళు, ఒక్క బకెట్. సబ్బు చంకలకి, గజ్జలకి, పాదాలకే. టవల్‌తో రుద్దకుండా అద్దుకుని, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే, అంటే మూడు నిమిషాల్లోపు, వాసన లేని చిక్కటి క్రీమ్. గ్లిజరిన్ తడిని పట్టి ఉంచుతుంది, వాజిలీన్ లాంటిది పైన మూత వేస్తుంది. ఖరీదుతో పనిలేదు. పంపు సీసాల్లో వచ్చే పలచటి లోషన్లు ఆదిలాబాద్ గాలికి ఆగవని మాత్రం నా అనుభవం. మడమలకి రాత్రి యూరియా క్రీమ్ రాసి సాక్సులు. పగులు లోతుగా ఉంటే అది భగ్గుమంటుంది, మొదటి రోజు నాన్న నన్ను తిట్టారు.

అమ్మ సున్నిపిండి తెచ్చింది. నూనె పట్టించి నలుగు పెట్టుకుంటే పండగ, ఉత్త పిండితో రుద్దితే దండగ అని ఒప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తాగమని అమ్మ నాన్న వెంటపడడం మాత్రం మాన్పించలేకపోయాను. దాహానికి తాగితే మంచిదే, కానీ పైన ఆవిరవడం ఆగకపోతే పిక్కలకి ఒరిగేదేముంది?

పది రోజులకి స్కేలు మళ్ళీ మావాడి జామెట్రీ బాక్సులోకి చేరింది. నోట్లు లెక్కపెట్టి, శానిటైజరు రాసి పగిలిన నా వేళ్ళకీ ఇదే వైద్యం. కౌంటరు డ్రాయర్లో క్రీము డబ్బా పెట్టుకున్నాను.

సంక్రాంతికి కాకినాడ వెళ్ళిపోయారు. అక్కడి ఉక్కకి ఇదంతా అవసరం లేదన్నా నాన్న వినట్లేదట. "మీ నాన్న ఒళ్ళు సరిగా తుడుచుకోకుండా, క్రీము డబ్బా కోసం ఇల్లంతా తడి అడుగులేసుకుంటూ తిరుగుతున్నారే" అని నిన్న ఫోన్లో అమ్మ సణుగుడు. వెనక నుంచి ఆయన గొంతు: "క్యూరింగ్ అని చెప్పవే దానికి!"