అద్దాల గుడిలో ఆర్గన్

అమ్మ కాలిఫోర్నియా వచ్చిన రెండో వారానికే మొదలుపెట్టింది, "ఇక్కడ మన గుణదల లాంటిదేమీ లేదట్రా?" అని. లేకేం! గార్డెన్ గ్రోవ్‌లో క్రైస్ట్ కేథడ్రల్ ఆవరణలోనే వియత్నాం వాళ్ళు కొలిచే లావాంగ్ మాత ఉంది. ఆదివారం బయల్దేరాం. ఫ్రీవే మీద నేను తప్పు ఎగ్జిట్ తీసుకోవడంతో, పార్కింగ్ దొరికి తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ప్రవేశ గీతం చివరి చరణంలో ఉంది.

గొట్టాల్లోకి గాలి పంపి పలికించే పెద్ద వాయిద్యం, ఆర్గన్ మోత చెవుల కన్నా ముందు అరికాళ్ళకు తెలిసింది. అమ్మ కూర్చోబోతూ బల్ల పట్టుకుని, "వణుకుతోందిరా" అంది గుసగుసగా.

పూజయ్యాక ఆవిడ కదలలేదు. మా ఊరి గుడిలో పదేళ్ళు హార్మోనియం వాయించినవాణ్ణి, ఈ ఆర్గన్ సంగతి కాస్త చదివి పెట్టుకున్నాను. అక్కడే కూర్చుని చెప్పాను.

ఇందులో ఒక భాగం న్యూయార్క్‌ది. 1962లో లింకన్ సెంటర్‌లో కచేరీల కోసం ఫిల్‌హార్మోనిక్ హాలు కట్టినప్పుడు బోస్టన్ కంపెనీ ఇయోలియన్-స్కిన్నర్ చేసిచ్చింది. ఆ హాల్లో శబ్దం బాగుండదని మొదటి నుంచీ గొడవే. 1976లో లోపలంతా పగలగొట్టి మళ్ళీ కట్టారు, ఆర్గన్‌కు చోటు పోయింది. దాన్ని ఇక్కడికి తెప్పించింది పాస్టర్ రాబర్ట్ షుల్లర్. 1955లో డ్రైవ్-ఇన్ సినిమా హాల్లో, తినుబండారాల కొట్టు కప్పెక్కి ప్రసంగాలు మొదలుపెట్టిన మనిషి, 1980కల్లా పదివేలకు పైగా అద్దాలతో ఈ గుడి కట్టించాడు. ఇటలీలోని రుఫాట్టి వాళ్ళు అంతకుముందే షుల్లర్ సంఘానికి చేసిన ఆర్గన్‌నూ, న్యూయార్క్‌దాన్నీ కలిపి పెంచారు. గొట్టాలు 16 వేలకు పైనే, కీబోర్డులు ఐదు, ఒకదాని మీద ఒకటి మెట్లుమెట్లుగా. ఆ ప్లాను వేసిన పేరున్న ఆర్గన్ వాద్యకారుడు వర్జిల్ ఫాక్స్ వినకుండానే 1980లో పోయాడు.

చూడ్డానికి అద్దాల గుడి గొప్పే. ఆర్గన్‌కు మాత్రం అది ఎండలో వదిలేసిన కారు. ఏళ్ళ తరబడి వేడికి మెత్తటి లోహపు గొట్టాలు కుంగాయి, గాలిని ఆపే తోళ్ళు పాడయ్యాయి, గొట్టాల్లో పురుగులు చేరాయి. మా ఊళ్ళో ఎలుకలు కొరికిన హార్మోనియం తిత్తి గుర్తొచ్చింది నాకు. దానికి సైకిల్ ట్యూబు ముక్క అతికించి క్రిస్మస్ గట్టెక్కించాం. దీనికి అలా కుదరదు కదా!

2010లో షుల్లర్ సంస్థ దివాలా తీసింది. ఆరెంజ్ కథోలిక మేత్రాసనం, అంటే అక్కడి బిషప్ కింది సంస్థ, 5 కోట్ల 75 లక్షల డాలర్లకు గుడిని కొని, 2013లో ఆర్గన్ విప్పించి, గొట్టాలను ఓడలో ఇటలీలోని పాదువా పంపింది.

"పాదువానా? మన అంతోనివారి ఊరా?" అమ్మ ముఖం వెలిగింది. పోయిన వస్తువు దొరకాలంటే మా ఇంట్లో ఇప్పటికీ ఆయనకే మొక్కు.

"అవునమ్మా. రుఫాట్టి వాళ్ళ కార్ఖానా అక్కడే. 2019లో గుడిని మళ్ళీ ప్రతిష్ఠించినప్పుడు కూడా ఇది పలకలేదు. 2022లో పలికింది."

అమ్మ లేచి, వచ్చిన పని మరిచిపోయినట్టు లావాంగ్ మాత వైపు కాకుండా ఆర్గన్ వైపే నడిచింది. తాడు కట్టి ఉన్నంత వరకూ వెళ్ళి, మెడ వెనక్కి వంచి గొట్టాల కేసి చూస్తూ నిలబడింది.

"దుమ్ము లేదు," అంది. "బాగానే చూసుకుంటున్నారు."