మోటుపల్లి స్తంభం దగ్గర

నిన్న ఒంగోలు నుంచి చినగంజాం ఉప్పు మడుల మీదుగా మోటుపల్లి వెళ్లాను. జిల్లాల విభజనలో బాపట్లకు చేరినా, నాకది ఇప్పటికీ ప్రకాశం ఊరే. వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244లో స్తంభం మీద వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవారి మీద దయతో తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో మాటిచ్చాడు. ఎంత గొప్ప మాట! మార్కోపోలో పేర్కొన్న 'ముత్ఫిలి'ని చరిత్రకారులు ఈ రేవుగానే గుర్తించారు.

ఇప్పుడు అక్కడ ఓడలు లేవు, చేపల పడవలే ఉన్నాయి. ఇసుకలో కూర్చుని, చిరిగిన వలను కాలి బొటనవేలికి బిగించి కుడుతున్న పెద్దాయన, "పొద్దున మా మనవడు వేటకెళ్లాడయ్యా, గాలి మారింది" అంటూ సముద్రం వైపు చూశారు.