రెంటచింతలవాడికి హాట్ యోగానా!

చికాగో దగ్గర ఉంటున్నాం, పద్నాలుగేళ్ళయింది. మొన్న జనవరిలో, నా నడుంనొప్పి గోల విని విని విసిగిపోయిన ఆఫీసు పక్కసీటావిడ "హాట్ యోగాకి రా, మొదటి వారం పాసు 30 డాలర్లే" అంది. గదిని 105 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడి చేస్తారట. అంటే 40 సెల్సియస్ పైనే. నవ్వాగలేదు. మాది రెంటచింతల పక్క ఊరు. వేసవి వస్తే పేపర్లో మా ఉష్ణోగ్రత చూసి జనం గుండెలు బాదుకునేవాళ్ళు. అలాంటివాడు డబ్బులు పోసి వేడి కొనుక్కోవాలా?

అమ్మకి ఫోన్లో చెప్తే, "ఏరా, మంచు దేశం పోయి వడదెబ్బ కొనుక్కుంటావా?" అంది.

దీని పుట్టుపూర్వోత్తరాలు చదివాక అనుమానం ఇంకా ముదిరింది. పరమహంస యోగానంద తమ్ముడు బిష్ణు ఘోష్ దగ్గర కలకత్తాలో నేర్చుకున్న బిక్రమ్ చౌదరి, 1970ల్లో అమెరికాలో దీన్ని పాపులర్ చేశాడు. 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు, 90 నిమిషాలు. ఆ వరుస మీద కాపీరైట్ నాదేనని వాదిస్తే, 2015లో అక్కడి అప్పీలు కోర్టు కుదరదు పొమ్మంది. లైంగిక వేధింపులని బిక్రమ్ మీద ఆయన మాజీ న్యాయ సలహాదారు వేసిన దావాలో 2016లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఆవిడకి 70 లక్షల డాలర్లకు పైగా ఇమ్మంది. ఆయన దేశం వదిలిపోయాడు. చాలాచోట్ల బోర్డు మీద ఆయన పేరు చెరిపేసి అవే 26 ఆసనాలు నేర్పుతున్నారు. నేను వెళ్ళింది అలాంటి చోటికే.

సాయంత్రం ఐదున్నరకి క్లాసు. రెండు మూడు గంటల ముందు నుంచీ ఏమీ తినొద్దన్నారు. నాలుగింటికి ఫ్రిజ్‌లో పొద్దుటి పులిహోర కనపడింది. "ఏమండీ, తినొద్దన్నారుగా" అని మా ఆవిడ అంటూనే ఉంది.

తలుపు తీయగానే మొహాన కొట్టింది మా ఊరి ఎండ కాదు. వాన వెలిశాక మళ్ళీ ఎండ కాసిన విజయవాడ బస్టాండు. మావైపు ఎండలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒంటిని కాస్త చల్లబరుస్తుంది. ఇక్కడ తేమ 40 శాతం పెడతారు, పైగా ముప్ఫై మంది ఊపిరి. చెమట ఆరదు, కారుతుంది, అంతే.

టీచరమ్మ ఏదీ చేసి చూపించదు. చెవికి మైకు తగిలించుకుని గుక్క తిప్పుకోకుండా చెప్తూ పోతుంది, "మోకాలు బిగించు, బిగించు" అని. ఒక్కో ఆసనం రెండేసి సార్లు. మంచినీళ్ళు కూడా గరుడాసనం అయ్యాకే. ఒంటికాలి మీద నిలబడి వెనక పాదాన్ని చేత్తో పట్టుకుని వంగాలి. నా పాదం సబ్బుముక్కలా మూడుసార్లు జారింది. మూడోసారి పక్కాయన చాప మీద పడ్డాను. ఆయన కనురెప్ప కూడా కదపలేదు. ఎదురుగా నిలువెత్తు అద్దం, అందులో నా పొట్ట. పవనముక్తాసనాన్ని ఇంగ్లీషులో 'విండ్ రిమూవింగ్' అని గంభీరంగా ప్రకటించింది. నవ్వొచ్చింది నాకొక్కడికే, కడుపులో పులిహోర ఉన్నదీ నాకొక్కడికే.

ఆ పులిహోర ఉష్ట్రాసనం దాకా ఓపిక పట్టింది. మోకాళ్ళ మీద నిలబడి వెనక్కి విల్లులా వంగాలి. వంగాను. పైకప్పు లైట్లు రెండు నాలుగయ్యాయి, గొంతులోకి చింతపండు పులుపు ఎక్కింది. "కూర్చో, ముక్కుతో గాలి పీల్చు, గది వదలకు" అంటోంది టీచరమ్మ. ఎవరు వింటారు! తలుపు తోసుకుని, షూ కూడా లేకుండా వాకిట్లో మంచు దగ్గరికొచ్చి కూలబడ్డాను. బయట మైనస్ పన్నెండు. ముంజేతుల మీంచి ఆవిరి లేస్తోంది, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు. నుదుటి మీద జుట్టు పుల్లల్లా బిగుసుకుపోయింది.

ఇంటికొచ్చి ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగాక గానీ కాళ్ళ తిమ్మిరి వదల్లేదు. మిషనెక్కితే కిలో తగ్గాను. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. తెల్లారేసరికి ఆ కిలో తిరిగొచ్చేసింది, అదంతా నీళ్ళేగా. చెమటతో విషాలన్నీ పోతాయని లాబీలో పోస్టరు కూడా పెట్టారు. ఆ పని లివరు, కిడ్నీలు చూసుకుంటాయి, వాటికి పాసు అక్కర్లేదు. 2018లో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులైతే ఇవే ఆసనాలు వేడిలోనూ మామూలు గదిలోనూ చేయించి చూశారు. రక్తనాళాలకు రెండుచోట్లా మేలు కనపడింది. వేడి వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు.

ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే సిగ్గేసింది. ఎండలో పెరిగానని ఇంతకాలం చెప్పుకున్నానా, అసలు ఎండలో ఎప్పుడున్నాను? పదకొండు దాటితే నాయనమ్మ గడప దాటనిచ్చేది కాదు. తడిపిన వట్టివేళ్ళ తడికలు, వేపచెట్టు నీడ, కుండలో నీళ్ళు. పొలం పని తెల్లారకముందే అయిపోయేది. పైగా వేడికి ఒళ్ళు అలవాటుపడటానికి పది పన్నెండు రోజులు చాలట, మానేస్తే కొద్ది వారాల్లోనే ఆ అలవాటు పోతుందట. నేను పద్నాలుగేళ్ళుగా ఏసీలో ఉన్నాను.

పాసు డబ్బులు దండగని మిగతా వారమూ వెళ్ళాను, ఖాళీ కడుపుతో. తర్వాత ఇంకో నెల కట్టాను, ఎందుకో అడగొద్దు. నడుం కాస్త వదులైంది. అది ఆసనాల వల్లే, వేడి వల్ల కాదని నా అనుమానం. ఉష్ట్రాసనం దగ్గర ఇప్పటికీ బుద్ధిగా కూర్చునే ఉంటాను.

అమ్మ మొన్న మళ్ళీ అడిగింది, "ఆ వేడి గదికి ఏ పూట పోతున్నావురా?" అని.

"సాయంత్రం, ఐదున్నరకమ్మా."

"హమ్మయ్య, ఎండ తగ్గాకేగా," అంది.