ఏడు గేర్ల నుంచి తొమ్మిదికి: నా అనుభవం

నా మౌంటెన్ బైకుకు వెనక తొమ్మిది గేర్లు ఎట్టకేలకు సరిగ్గా పడుతున్నాయి. కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నెల్లూరులో గేర్లెందుకని చాలామంది అడుగుతారు. మైపాడు బీచి దాకా అక్కర్లేదు, నిజమే. రాపూరు దాటి చిట్వేలి ఘాటు రోడ్డెక్కితే తెలుస్తుంది. సైకిలుతో వచ్చిన ఏడు గేర్ల ఫ్రీవీలులో (వెనక పళ్ల చక్రాల పాత రకం కట్ట) అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి 28 పళ్లే. ముందున్న 24 పళ్ల చిన్న చక్రంతో కలిపినా, ఒకసారి పెడలు తిప్పితే వెనక టైరు 0.86 చుట్టు తిరగాలి. వెనక 36 పళ్లుంటే 0.67 చాలు. వెలిగొండ ఎక్కుడులో ఆ తేడా తొడలకు తెలుస్తుంది.

తొమ్మిది గేర్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కొత్త రకం కట్ట) పాత హబ్బుకు పట్టదు. ఫ్రీవీలు మరలతో బిగుసుకుంటుంది, క్యాసెట్‌కు ఫ్రీహబ్, అంటే దాన్ని జొనిపే గాడులున్న హబ్బు కావాలి. ఆ పని స్టోన్‌హౌస్‌పేటలో ఒక పెద్దాయన చేశారు. ఏళ్ల తరబడి తొక్కుడుకు బిగుసుకుపోయిన ఫ్రీవీలు అది. రిమూవరును వైసులో బిగించి, చక్రాన్నే స్టీరింగులా రెండు చేతులతో పట్టి ఒక్క ఊపున తిప్పారు. పాత రిమ్ముకే కొత్త హబ్బు వేసి, స్పోకులు అల్లి, బెండు తీసి, “ఇక నీ ఇష్టం నాయనా, ఎక్కడికైనా పో” అన్నారు. అడిగిన కూలి చూసి నాకే మొహమాటం వేసింది.

మిగతా సామాను అద్దాల షోరూములో కొన్నాను. అంతా తొమ్మిది గేర్లదే కావాలని చెప్పాను, బిల్లు మీదా అలాగే రాయించాను. షిమానో కంపెనీ అలీవియో ఎం3100 డిరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది), 11 నుంచి 36 పళ్ల దాకా చక్రాలున్న క్యాసెట్, చైను, గేర్లు మార్చే కుడి లీవరు. బిగింపు వాళ్లదే.

ఇంటికి వస్తుంటేనే పేచీ మొదలైంది. ఒకసారి నొక్కితే చైను రెండు చక్రాల మధ్య కటకటలాడుతుంది, ఇంకోసారి నొక్కితే ఒక చక్రాన్ని దాటేస్తుంది. ఆరో నొక్కుకే 36 పళ్ల చక్రం మీదికి చేరి, ఆపైన లీవరు కదలదు. తిరిగి తీసుకెళ్తే డిరైలర్ మీది హెచ్, ఎల్ స్క్రూలు తిప్పారు. ఆ స్క్రూలు రెండు చివర్ల హద్దులు మాత్రమే పెడతాయి. ఒక్కో నొక్కుకు ఎంత జరగాలో అవి మార్చలేవు. ఆ మాటే అంటే కౌంటరులో ఉన్నాయన పదిమంది ముందు, “సార్, గేర్ల సైకిలు అలవాటు లేనివాళ్లు ఇలాగే అంటారు. మామూలు సైకిలు తీసుకోవాల్సింది” అన్నాడు. పక్కన నిలబడిన పిల్లలు నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఆపైన హ్యాంగరు (డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) వంగిందని చెప్పి, డబ్బు తీసుకుని కొత్తది వేశారు. అయినా అదే కటకట.

ఆ రాత్రి కేబుల్‌ను డిరైలర్ దగ్గర విప్పి, వేలితో లాగి పట్టుకుని, స్టీలు స్కేలు పెట్టి ఐదు నొక్కులు నొక్కాను. పదిహేడు మిల్లీమీటర్లు లోపలికి పోయింది. షిమానో తొమ్మిది గేర్ల లీవరు నొక్కుకు సుమారు 2.5 మిల్లీమీటర్లే లాగుతుంది, ఐదింటికి పన్నెండున్నర దాటకూడదు. నొక్కుకు 3.4 లాగేది మౌంటెన్ బైకుల పది గేర్ల లీవరు. టార్చి వేసి లీవరు అడుగు భాగం చూశాను. ఎస్ఎల్-ఎం4100 అని చిన్న అక్షరాలున్నాయి. పది గేర్లదే!

మర్నాడు బిల్లు, స్కేలు కౌంటరు మీద పెట్టి, అందరికీ వినపడేలా లెక్క చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మారుమాట లేకుండా లీవరు మార్చారు. క్షమించమని ఒక్క మాట లేదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనప్పుడు కొనేవాడిని పదిమందిలో చిన్నబుచ్చడం తప్పు. స్టోన్‌హౌస్‌పేట పెద్దాయనకు ఏసీ గది లేదు, కానీ అర్థం కానిది ఎదురైతే “ఉండు, చూద్దాం” అంటారు.

మీరు మార్చుకుంటే బిల్లులో “గేర్ సెట్” అని రాయనివ్వకండి. డిరైలర్ వెనక, లీవరు అడుగున ఉన్న నంబర్లు రాయించండి. షిమానోలో ఎనిమిది, తొమ్మిది గేర్ల మౌంటెన్ బైకు లీవర్ల లాగుడు కూడా ఒకటి కాదు, పది దగ్గర ఇంకా మారిపోతుంది. కొత్త కేబుల్ కొన్నాళ్లకు కాస్త వదులవుతుంది. అప్పుడు చైను పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కడానికి తడబడితే కేబుల్ బిగువు సరిచేసే మరను పావు చుట్టు విప్పే వైపు తిప్పితే చాలు, షోరూముకు పరుగెత్తక్కర్లేదు.

హ్యాంగరు డబ్బులు ఇంకా వెనక్కి రాలేదు. వంగిందన్న నా పాత హ్యాంగరును గాజు పలక మీద పెట్టి చూశాను, తిన్నగానే ఉంది. బిల్లు నా దగ్గరే ఉంది, ఇచ్చేదాకా అడుగుతాను.