తేదీ ముందే తెలిసిన పురుడు

రెండోసారి కడుపుతో ఉన్న 31వ వారంలో ఒక రాత్రి తడిగా అనిపించి మెలకువ వచ్చింది. లైటు వేసి చూస్తే నా కింద దుప్పటి ఎర్రగా ఉంది. నొప్పి లేదు. నడుములో గానీ పొత్తికడుపులో గానీ ఒక్క పోటు కూడా లేదు. పక్కన మా నాలుగేళ్ల పాప పడుకుని ఉంది. మా ఆయన్ని మెల్లగా తట్టి లేపి, "బ్లీడింగ్ అవుతోంది, పాప లేవకుండా అమ్మని పిలువు" అన్నాను. అంత నెమ్మదిగా ఎలా అనగలిగానంటే, ఇలాంటి రాత్రి ఒకటి రావచ్చని నాకు ముందే చెప్పి ఉంచారు.

20వ వారం స్కాన్‌లోనే మాయ, అంటే కడుపులో బిడ్డకు ఆహారం అందించేది, కిందికి ఉందని తేలింది. గర్భసంచి నోటిని పూర్తిగా కప్పేసి ఉంది. దాన్ని ప్లాసెంటా ప్రీవియా అంటారట. ఆ దశలో చాలామందికి అలా కనిపిస్తుందనీ, గర్భసంచి పెరిగేకొద్దీ ఎక్కువమందిలో మాయ పైకి జరిగిపోతుందనీ డాక్టర్ గారు ధైర్యం చెప్పారు. నాకు జరగలేదు. 28వ వారంలో మళ్లీ చూస్తే ఉన్నచోటే ఉంది. బిడ్డ బయటికి రావాల్సిన దారికే అడ్డం కాబట్టి మామూలు కాన్పు కుదరదు. నొప్పులు మొదలై ఆ నోరు తెరుచుకుందంటే మాయ విడివడి, రక్తం ధారగా పోతుంది. అందుకని నొప్పులు రాకముందే పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీయాలి. మరీ తొందరపడితే బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండవు. నా మొదటి కాన్పు మామూలుగా అవడం ఇప్పుడు కలిసొచ్చిందన్నారు. పాత సిజేరియన్ మచ్చ ఉండి, మాయ సరిగ్గా దాని మీదే అతుక్కుంటే గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే ప్రమాదం ఎక్కువట.

ఆ రాత్రి ఆసుపత్రిలో లోపలి పరీక్ష చేయలేదు. మాయ కిందికి ఉన్నప్పుడు చేత్తో పరీక్ష చేయకూడదు. ఈ మాట నాకు ముందే తెలుసు కాబట్టి, లోపలికి వెళ్లగానే కనిపించిన మొదటి సిస్టర్‌కి నేనే చెప్పాను. రెండు చేతులకూ సూదులు పెట్టారు. కడుపుకి బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. నాది ఓ నెగటివ్ రక్తం కావడంతో, బిడ్డది పాజిటివ్ అయితే దానికి వ్యతిరేకంగా నా ఒంట్లో యాంటీబాడీలు తయారు కాకుండా యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, 24 గంటల తేడాతో రెండు. రెండోది వేశాక ఒక పూటంతా బిడ్డ కదలికలు మందగించాయి. నాకు చెమటలు పట్టేశాయి. ఆ మందుకి ఒకటి రెండు రోజులు అలా జరగవచ్చని సిస్టర్ చెప్పి, ఊరికే చెప్పి వెళ్లిపోకుండా, మళ్లీ బెల్టు కట్టి ఆ చప్పుడు అరగంట వినిపించింది. ఆవిడ మేలు మరచిపోలేను.

బ్లీడింగ్ ఆగాక నాలుగు రోజులకి ఇంటికి పంపారు. షరతులు చాలా ఉన్నాయి. ఒంటరిగా ఉండకూడదు, ఆసుపత్రికి దూరంగా వెళ్లకూడదు, భార్యాభర్తలు కలవకూడదు, బరువులెత్తకూడదు. రోజంతా మంచం మీదే పడుకోమని మాత్రం అనలేదు. అలా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, ఇంట్లో మెల్లగా తిరగమన్నారు. వీటిలో నాకు అన్నిటికన్నా కష్టమైంది బరువులెత్తకూడదన్నది. ఇంట్లో అడుగుపెట్టగానే పాప రెండు చేతులూ పైకి చాపి నిలబడింది. నేను కింద కూర్చుని దాన్ని దగ్గరికి తీసుకున్నాను. అది నా మెడ పట్టుకుని, "కూర్చుని కాదు, ఎత్తుకో" అంది.

34వ వారంలో మళ్లీ రక్తం కనిపించింది. ఈసారి కొంచెమే. కానీ డాక్టర్ గారు ఇక ఇంటికి పంపనన్నారు. సరిగ్గా 36 వారాలు నిండిన రోజుకి ఆపరేషన్ పెట్టారు. ఈలోగా ఎక్కువగా పోతే అప్పటికప్పుడే. అంటే నాకు ఒక తేదీ ఉంది, కానీ అది నిలుస్తుందన్న నమ్మకం లేదు. పొద్దున్న లేవగానే మొదట చూసుకునేది పక్క మీది గుడ్డ. తెల్లగా ఉంటే ఒక రోజు గడిచినట్టు.

ఆ రెండు వారాల్లో నన్ను నిలబెట్టింది ఒక నోట్‌బుక్. మా పాప రెండు పేజీల్లో పిచ్చిగీతలు గీసి వదిలేసింది, మిగతాది ఖాళీ. రాత్రి నిద్ర పట్టక ఏ భయం వస్తే దాన్ని ప్రశ్నలా రాసేదాన్ని. పొద్దున రౌండ్స్‌లో అడిగేదాన్ని. జవాబు దొరికితే కొట్టేసేదాన్ని. మొదట్లో డాక్టర్ల టైము తినేస్తున్నానేమోనని మొహమాటపడ్డాను. తర్వాత ఆ మొహమాటం వదిలేశాను. ఎవరైనా అలాగే అడగాలని నేను గట్టిగా చెబుతాను. అడగని ప్రశ్న రాత్రికి మళ్లీ వస్తుంది, ఇంకా పెద్దదై వస్తుంది.

హిమోగ్లోబిన్ 9.4 మాత్రమే ఉంది. మాత్రలు చాలవని సెలైన్‌తోపాటు ఐరన్ ఎక్కించారు. ఓ నెగటివ్ దొరకడం కష్టం కాబట్టి నాకోసం రక్తం ముందే తెప్పించి పెట్టారు. మూడు రోజులకోసారి, తెప్పించిన రక్తం నాకు సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్‌కి శాంపిల్ తీసేవాళ్లు. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో కొత్తగా యాంటీబాడీలు తయారు కావచ్చని, పాత శాంపిల్ పనికిరాదన్నారు. మోచేతి మడతల్లో చోటు అయిపోయి, మణికట్టు దగ్గర కూడా నీలం మచ్చలు పడ్డాయి. పాప వచ్చినప్పుడు చున్నీ చుట్టుకుని కూర్చునేదాన్ని.

సంతకం పెట్టాల్సిన కాగితం వచ్చిన సాయంత్రం గురించి చెప్పాలి. అందులో ఒక వాక్యం: రక్తస్రావం ఆగకపోతే ప్రాణం కాపాడటానికి గర్భసంచి తీసివేయవలసి రావచ్చు. మా ఆయన ఆ లైను దగ్గర ఆగిపోయి కాగితం బల్ల మీద పెట్టేశాడు. డాక్టర్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నిలబడి చెప్పలేదు. గర్భసంచి పైభాగం కండ బలంగా బిగుసుకుని రక్తనాళాలను మూసేస్తుందనీ, నా మాయ అంటుకున్న కిందిభాగం అంతలా బిగుసుకోదనీ, అందుకే రక్తం ఎక్కువ పోవచ్చనీ చెప్పారు. ముందు మందులు, ఆ తర్వాత కుట్లు, లోపల బెలూన్ పెట్టి ఒత్తడం, ఇవన్నీ అయ్యాకే ఆ చివరి మాట అన్నారు. నేను నోట్‌బుక్ తీసి అడిగాను: "నేను స్పృహలో లేకపోతే ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారు?" తాను ఒక్కరే తీసుకోననీ, ఇంకో సీనియర్ డాక్టర్‌ని పిలిచి ఇద్దరూ చూశాకేననీ, ఆలస్యం చేస్తే నా ప్రాణానికే ముప్పని ఇద్దరికీ అనిపిస్తేనేననీ చెప్పారు. "మిమ్మల్ని మీ పాప దగ్గరికి పంపడం నా మొదటి పని అమ్మా" అన్నారు. నేను సంతకం పెట్టాను. మా ఆయన కాసేపు బయటికి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చి పెట్టాడు.

పిల్లల డాక్టర్ కూడా వచ్చి మాట్లాడారు. 36 వారాలకి పుట్టినవాళ్లు చూడటానికి నిండు నెలల పిల్లల్లానే ఉన్నా, ఊపిరి వేగంగా తీయడం, ఒళ్లు చల్లబడటం, షుగర్ పడిపోవడం, పాలు తాగుతూ మధ్యలో నిద్రపోవడం, కామెర్లు, ఇవి రావచ్చన్నారు. మమ్మల్ని ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) అద్దం దాకా తీసుకెళ్లి చూపించారు. బిడ్డను ఉంచే అద్దాల పెట్టె పక్కన ఒక చిన్న టోపీ ఆరేసి ఉంది. నా పిడికిలికి సరిగ్గా సరిపోతుంది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసిన ప్రశ్నకి డాక్టర్ల జవాబు అక్కర్లేదు, మేమే తేల్చుకోవాలి. బిడ్డని అక్కడికి తీసుకెళ్తే మా ఆయన ఎవరి దగ్గర ఉండాలి? బిడ్డతోనే వెళ్లాలని అనుకున్నాం. నేను వద్దన్నా, ఏడ్చినా వెళ్లాలని మాట తీసుకున్నాను.

తేదీ నిలిచింది. 36 వారాల పొద్దున్న గుడ్డ తెల్లగానే ఉంది.

థియేటర్‌లో చలి. దిండు కావలించుకుని వీపు వంచి కూర్చోమన్నారు. నడుములో సూది ఒక్క క్షణం చురుక్కుమంది, ఆ తర్వాత కాళ్లలోకి వెచ్చదనం పాకింది. మత్తు డాక్టర్ కడుపు మీద ఏదో స్ప్రే చేసి "చల్లగా ఉందా?" అని అడిగారు. తడి తగులుతోంది గానీ చల్లగా లేదన్నాను. "అంతే, అలాగే ఉండాలి" అన్నారు. నొప్పి ఉండదు గానీ లాగడం, నొక్కడం తెలుస్తాయని ముందే చెప్పి ఉంచారు, అది నిజం. ఎవరో నా లోపల బట్టలు సర్దుతున్నట్టు అనిపించింది. ఆ మాట ముందే విని ఉండకపోతే మత్తు ఎక్కలేదేమోనని హడలిపోయేదాన్ని.

బాబు పుట్టాడు. రెండు కిలోల 450 గ్రాములు. ఏడుపు కొంచెం ఆలస్యంగా వచ్చింది, సన్నగా వచ్చింది. ఊపిరి తీసినప్పుడల్లా మూలుగుతున్నాడు. నా చెంపకి ఒక్కసారి ఆనించి తీసుకెళ్లారు. మా ఆయన నా వైపు చూశాడు. "వెళ్లు" అన్నాను. వెళ్లాడు.

ఆ తర్వాత ముప్పావు గంట నాకు ముక్కలుగానే గుర్తుంది. రక్తం పీల్చే గొట్టం చప్పుడు ఆగకుండా వినిపించింది. "ఇంకో బ్యాగ్ పెట్టండి" అన్న గొంతు. ఒక సిస్టర్ నా తల దగ్గర కూర్చుని, ఇప్పుడు మందు ఇస్తున్నారు, ఇప్పుడు కుట్లు వేస్తున్నారు అని చెవిలో చెబుతూనే ఉంది. ఆ కాగితంలో చదివిన వరసే జరుగుతోందని నాకు అర్థమైంది. నేను ఆ చివరి వాక్యం కోసం ఎదురుచూస్తూ పడుకున్నాను. అది రాలేదు. దాదాపు లీటరున్నర పోయిందనీ, రెండు బ్యాగుల రక్తం ఎక్కించామనీ, గర్భసంచి భద్రమనీ డాక్టర్ గారు మాస్క్ తీసి చెప్పారు.

మర్నాడు యూరిన్ గొట్టం తీసేసి లేపారు. మొదటి అడుగు గురించి ఎంత చెప్పినా తక్కువే. కుట్ల దగ్గర కత్తిరిస్తున్నట్టు ఉంటుంది. దగ్గు వస్తే దిండు అదిమిపట్టుకోవాలి, పక్కకి తిరిగి మోచేతి ఆసరాతో లేవాలి. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక ఇంజెక్షన్. పాలు మొదట చుక్కలుగానే వచ్చాయి. చేత్తో పిండి, సిరంజిలో ఒక మిల్లీలీటరు పోగుచేసి పంపితే, ఎన్ఐసీయూ సిస్టర్ దాన్ని జాగ్రత్తగా అందుకున్న తీరు చూసి నాకు ఏడుపొచ్చింది. బాబు ఒక రోజు ఊపిరికి గాలి మాస్క్ మీద, మొత్తం నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు. మూడో రోజు నా గుండెల మీద పడుకోబెట్టారు. వాడి వీపు నా అరచేయి అంత ఉంది.

ఇంటికొచ్చాక కూడా ఉలిక్కిపడి లేచి పక్క తడిమి చూసుకోవడం చాలా రోజులు పోలేదు. మామూలుగా పురిటి తర్వాత పోయే రక్తం చూసినా చేతులు వణికేవి. ఆరో వారం చెకప్‌లో కుట్ల కన్నా ముందు ఈ సంగతే చెప్పాను. ఇలాంటి కాన్పు తర్వాత చాలామందికి ఉంటుందనీ, తగ్గకపోతే కౌన్సెలింగ్‌కి రమ్మనీ అన్నారు. కొన్నిసార్లు వెళ్లాను, మేలు చేసింది.

ఆ రోజే నోట్‌బుక్‌లో మిగిలిన చివరి ప్రశ్న కూడా అడిగాను. డాక్టర్ గారు కుట్లు నొక్కి చూసి, "మెల్లగా, మోకాళ్లు వంచి ఎత్తుకోండి" అన్నారు. ఇంటికి వచ్చేసరికి పాప గుమ్మంలోనే ఉంది. చేతులు చాపలేదు. ఈ పదకొండు వారాల్లో అడగడం మానేసింది. నేనే మోకాళ్లు వంచి, చేతులు చాపాను.