నాన్న బండికి కొత్త క్లచ్ కేబుల్

నిన్న సాయంత్రం నాన్న పాత స్ప్లెండర్‌కి క్లచ్ కేబుల్ నేనే మార్చాను. వారం నుంచి లివర్ బిగుతుగా ఉంటోంది. రబ్బరు పక్కకు జరిపి చూస్తే నిపిల్ (కేబుల్ చివర లివర్‌లో ఇమిడే చిన్న లోహపు గుండు) దగ్గర తీగ పోగులు సగం తెగి, ముళ్లలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఏ ఘాట్ రోడ్డు మీదో తెగిపోయి ఉంటే... తలచుకుంటేనే టెన్షన్.

కింద ఇంజిన్ దగ్గర నట్లు లూజ్ చేశాక, లివర్ గాడిలోంచి నిపిల్ సులువుగానే జారింది. పాతది లాగేయబోతుంటే నాన్న ఆపారు. "ముందు దాని చివర దారం కట్టరా" అన్నారు. కేబుల్ బయటికొచ్చాక ట్యాంకు కింద అదే దారిలో దారం మిగిలింది. కొత్తది దానికి కట్టి లాగితే ఎక్కడా మెలిక పడకుండా వచ్చేసింది. ఎంత చక్కటి ఉపాయం! నాకు తట్టనే లేదు.

నిపిల్‌కు గ్రీజు రాసి, లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట, అంటే కేబుల్ లాగడం మొదలయ్యే ముందు లివర్ ఖాళీగా కదిలే దూరం, ఉండేలా బిగించాను. ఆట అసలు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టుకోదు, జారి జారి ప్లేట్లు అరిగిపోతాయి. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి కూడా చూశాం.

తర్వాత నాన్న బండెక్కి, ఫస్ట్ గేర్ వేసి, లివర్ మెల్లగా వదిలారు. చిన్న కుదుపు కూడా లేదు. వీధి చివరిదాకా వెళ్లొచ్చి, ఆగకుండా ఇంకోసారి వెళ్లారు.